యెఫెత్ మాటకు తూకం వచ్చిన రోజు

రత్సోన్ దమారి పదిమందిలో తన పరువు తీశాడన్న కసిని ఒవద్యా తొమ్మిదేళ్లుగా మోస్తున్నాడు. పరాయివాడైతే ఈపాటికి మరిచిపోయేవాడేమో. రత్సోన్ అతని భార్య జోహారాకు స్వయానా అన్న. పైగా పొలం పక్క పొలం. పొద్దున్నే నీళ్లు తిప్పడానికి వెళితే ఎదురుపడేది ఆ మొహమే.

యెమెన్ నుంచి వచ్చి స్థిరపడ్డ యూదుల ఊరు అది. వాళ్ల మందిరంలో ఒక పట్టింపు ఉంది. వేరే మందిరాల్లో పవిత్ర గ్రంథం తోరా చదవడానికి గొంతున్న మనిషి ఒకడుంటాడు. పేరు పిలిస్తే పైకెళ్లి, అతని పక్కన నిలబడి, రెండు ముక్కల దీవెన చెప్పి దిగిపోతే చాలు, గౌరవం దక్కినట్టే. ఇక్కడ ఎవరి వంతు వాళ్లే చదవాలి. తోరా రాసిన తోలు చుట్టలో గుణింతాల గుర్తులుండవు, రాగం గుర్తులుండవు, ఎక్కడ ఆగాలో చెప్పే చుక్క కూడా ఉండదు. వట్టి అక్షరాలు. చిన్నప్పుడు గురువు ముందు కూర్చుని ఏళ్ల తరబడి వల్లెవేసినవాడికి తప్ప లొంగవు. తండ్రి నడుం విరిగి మంచం పట్టిన ఏడాది ఒవద్యా వల్లెవేత ఆగిపోయింది. తోటివాళ్లు చదువులో ఉండగా అతను నారింజ తోటల్లో పెట్టెలు మోశాడు.

తొమ్మిదేళ్ల కిందట ఒక సబ్బాతు, అంటే శనివారం ఉదయం, అతని పేరు పిలిచారు. నెలంతా తలుపేసుకుని సాధన చేసి మరీ వెళ్లాడు. మూడో వాక్యం దగ్గర తడబడ్డాడు. మందిరమంతా ఒక్క గొంతుతో సరిదిద్దింది. అది మామూలే, ఎవరు తప్పినా దిద్దుతారు. సర్దుకుని ముందుకు పోయి మళ్లీ తప్పాడు. మళ్లీ దిద్దారు. ఇంకోసారి తప్పేసరికి రత్సోన్ కూర్చున్న చోటు నుంచే కేకేశాడు.

"బావా, ఇక దిగు! అది నీ ట్రాక్టరు కాదు గేరు మార్చి లాగించడానికి. ఎవరైనా చిన్నపిల్లాణ్ణి పంపండయ్యా, పూర్తి చేస్తాడు."

మగాళ్లు నవ్వారు. తెర వెనక ఆడవాళ్లూ నవ్వారు, వాళ్లలో జోహారా ఉందో లేదో ఒవద్యా ఈనాటికీ అడగలేదు. నిజంగానే ఎవరి పిల్లాడో ఒకడు పీట ఎక్కి మిగిలింది గడగడా చదివేశాడు.

ఆ తర్వాత ఒవద్యా మళ్లీ పైకి వెళ్లలేదు. పేర్లు పిలిచే వేళకు బయట కుళాయి దగ్గర చేతులు కడుక్కుంటూ కనిపించేవాడు. అంత శుభ్రమైన చేతులు ఆ ఊళ్లో ఇంకెవరికీ ఉండి ఉండవు.

ఇక నేల సంగతి. రెండు పొలాలకూ చివర వాగు గట్టు ఉంది. సర్కారు పటంలో ఆ గట్టంతా ఒకటే గీత, ఎవరి పేరూ లేదు. ఒవద్యా తండ్రీ, రత్సోన్ తండ్రీ దాన్ని నోటిమాట మీద పంచుకుని మధ్యలో ఇనుప కమ్ములు పాతుకున్నారు. అడుగున చెమ్మ ఉండే నేల. గాత్ మొక్కలు వేస్తే వేసవిలో కూడా లేత చిగుళ్లు వేస్తాయి. శుక్రవారం మధ్యాహ్నం ఆ చిగుళ్లు బుగ్గన పెట్టుకుని నములుతూ కూర్చోవడానికి నాలుగూళ్ల నుంచి మనుషులు ఆకు కొనుక్కుపోతారు.

మూడు చలికాలాల కిందట వాగు పొంగి కమ్ములన్నిటినీ పెరుక్కుపోయింది. రత్సోన్ అప్పుడు గుండె ఆపరేషనై ఆస్పత్రిలో ఉన్నాడు. నీళ్లు తీశాక ఒవద్యా కొడుకు యెఫెత్‌ని వెంటబెట్టుకుని గట్టు మీదకు వెళ్లాడు. పెళ్లయిన చాలా ఏళ్లకు పుట్టిన ఒక్కగానొక్క కొడుకు. వాడి చేతికి తాడు ఒక కొస ఇచ్చాడు. గునపం పట్టుకుని రత్సోన్ వైపు నడిచాడు. పాత కమ్మి ఉండాల్సిన చోటు దగ్గర కాలు ఆగింది. ఆ క్షణంలో అతని చెవిలో మోగింది ఒక్కటే: ఎవరైనా చిన్నపిల్లాణ్ణి పంపండయ్యా. కాలు మళ్లీ కదిలింది. బాగా ముందుకు వెళ్లి అక్కడ గునపం దింపాడు.

"నాన్నా, కమ్మి ఉండేది ఇక్కడ కదా?" అన్నాడు యెఫెత్ వెనక నుంచి.

"తాడు బిగించి పట్టుకో. వాగుడు వద్దు."

యెఫెత్ బిగించి పట్టుకున్నాడు.

*

రత్సోన్‌కి అనుమానం వచ్చింది ఈ ఏడు వేసవి చివర్లో. తన పాత బాదం మోడు నుంచి చూసుకుంటే కమ్ములు మరీ దగ్గరికొచ్చాయని. గురువారం ఉదయం ప్రార్థన ముగిశాక మందిరం అరుగు మీదే పట్టుకున్నాడు.

"ఏం బావా, కమ్ములకి కాళ్లొచ్చాయా?"

"నీ కళ్లకి పొరలొచ్చాయేమో చూపించుకో."

"కళ్లు బాగానే ఉన్నాయి. అక్షరాలూ కనిపిస్తాయి, నీకు మల్లే కాదు."

అరుగు మీద వాళ్లు కాఫీ కప్పులు దింపారు. మోరి సాలెమ్ కర్ర నేలకేసి కొట్టాడు. మోరి అంటే గురువు. ఊళ్లో మూడు తరాల మగపిల్లలు ఆయన ముందు కూర్చునే చదివారు, ఒవద్యా కొన్నాళ్లు తక్కువ చదివాడంతే.

"పొద్దున్నే నోళ్లు పారేసుకోకండి. సాక్ష్యం ఏమైనా ఉందా?"

"ఆ రోజు నాతో ఉన్నది నా కొడుకొక్కడే" అన్నాడు ఒవద్యా. "తాడు పట్టుకుంది వాడే. అడుక్కోమనండి."

ధీమాగానే అన్నాడు. తండ్రి తగువులో కొడుకు సాక్ష్యం ధర్మశాస్త్రం ప్రకారం చెల్లదు. ఆ ముక్క చదువుకోనివాడికి కూడా తెలుసు.

రత్సోన్ గడ్డం గోక్కున్నాడు. "అయితే వాడి మాటే నాకు ఒప్పుదల."

"ఏంటీ?"

"యెఫెత్ ఎక్కడంటే అక్కడే హద్దు. నీ కొడుకని నేను అభ్యంతరం పెట్టను. ఏం మోరీ, ఎదుటివాడు ఒప్పుకుంటే చెల్లుతుందిగా?"

"చెల్లుతుంది" అన్నాడు మోరి. "కానీ ఒప్పుకున్నాక వెనక్కి పోవడం ఉండదు. ఇద్దరికీ."

జేబులోంచి రుమాలు తీసి చాచాడు. ఒక చెంగు రత్సోన్ పట్టుకుని లాగాడు. ఇంకో చెంగు ఒవద్యా పట్టుకోక తప్పలేదు, ఇంతమంది చూస్తుండగా. దాంతో ఇద్దరూ కట్టుబడ్డారు.

"అయితే వాణ్ణి ఇప్పుడే పిలిపించండి" అన్నాడెవరో.

"ఇప్పుడెలా కుదురుతుంది?" అన్నాడు మోరి. "ఇవాళ వాడి మాట గాలి. అటు పోయినా ఇటు పోయినా ఒకటే. పదమూడు నిండితే మాటకు తూకం వస్తుంది. ఇంకెంత, పండగలు వెళ్లాక వచ్చే సబ్బాతు. ఆ మర్నాడు గట్టు మీదకే పోదాం."

ఒవద్యా ఇంటిదారి పట్టాడు. మొదట్లో నడకలో హుషారుంది. బావ తెలివంతా ఇంతేనా, నా కొడుకు నోట్లో నేను పెట్టిన మాట తప్ప ఇంకేం ఉంటుంది అనుకున్నాడు. సగం దారిలో నడక మందగించింది. రత్సోన్ తెలివితక్కువవాడు కాదు. ఆ పిల్లాడు అబద్ధం ఆడడని వాడికి నమ్మకం. తన మేనల్లుడనా, నా కొడుకనా వాడు నమ్మింది? ఈ ప్రశ్న అతనికి నచ్చలేదు. దాన్ని తోసేసి చెప్పులు దులుపుకుని ఇంట్లోకి వెళ్లాడు.

*

ఆ వారాల్లో యెఫెత్‌కు రెండు పాఠాలు నడిచాయి. సాయంత్రం మోరి దగ్గర తోరా వంతు. శుక్రవారాల్లో గట్టు మీద గాత్ కోస్తూ తండ్రి దగ్గర ఇంకోటి.

"ఏం చెప్తావ్?"

"వాగు పోయాక పాత గుంతలు కనపడ్డాయి. వాటిల్లోనే పాతాం."

"ఎవరు చూశారు?"

"నేను."

"కిందకి చూస్తూ చెప్పకు. చదివేటప్పుడు ఎలా నిలబడతావో అలా నిలబడు."

యెఫెత్ నిటారుగా నిలబడి మళ్లీ చెప్పేవాడు. వాడికి ఒక్కసారి చెబితే చాలు, ఏదైనా పట్టేస్తాడు. ఒవద్యాకు ఆ సంగతి గర్వంగానే ఉండేది, కానీ గర్వపడుతున్నది దేనికో తట్టగానే మొహం తిప్పుకుని ఆకు కొయ్యడంలో పడేవాడు.

జోహారాకు ఇదేం తెలియదు. ఆవిడ వంటింట్లో వందమందికి సరిపడా పిండి లెక్కలు వేసుకుంటోంది. "ఏవయ్యా, మా అన్నని పిలిచావా లేదా?" అని మాత్రం రోజూ పోరు పెట్టేది.

"వాణ్ణి పిలవాల్సిన పనేముంది, పిలవకపోయినా వస్తాడు."

"వస్తాడు. మేనమామ. నోరు పాడుది గానీ మా అన్న చెయ్యి పాడుది కాదు."

ఆ మాట ఎందుకందో ఆవిడకే తెలియదు. ఒవద్యా లేచి కుళాయి దగ్గరికి వెళ్లాడు.

సబ్బాతుకు ముందు గురువారం తండ్రీ కొడుకులు రమ్లా బజారుకు వెళ్లారు. తెల్ల చొక్కా, బూట్లు కొన్నారు. బూట్లు ఒక సైజు పెద్దవి, వచ్చే ఏటికి కూడా పనికొస్తాయని. వచ్చేటప్పుడు వ్యానులో యెఫెత్ ఒళ్లో బూట్ల పెట్టె పెట్టుకుని చాలాసేపు కిటికీలోంచి చూశాడు.

"నాన్నా."

"ఊఁ."

"నేను ఆరేళ్లప్పటి నుంచీ మందిరంలో చదువుతూనే ఉన్నాగా. అందరి ముందూ. మరి ఈ సబ్బాతు కొత్తగా ఏముందని మోరిని అడిగాను."

"ఏమన్నాడు?"

"యెమెన్‌లో తాతల కాలంలో ఈ విందులూ అవీ లేవంట. బుద్ధి తెలిసిందనుకున్న రోజు ప్రార్థనకి చేతికి తోలు పట్టీలు కట్టేవాళ్లంట, అంతే. చదవడం కొత్త కాదు, కొత్తది ఒకటే అన్నాడు. ఇప్పటిదాకా నేను చేసిన తప్పు నీ మెడకి. సబ్బాతు నుంచి నా మెడకే. నువ్వు అక్కడ నిలబడి చెప్పే ముక్కకి అర్థం అదేనంట. వీడి శిక్ష నుంచి నన్ను విడిపించిన వాడికి స్తోత్రం అని."

"చిన్న ముక్కే. నాకు నోటికొచ్చు" అన్నాడు ఒవద్యా. తనకు చదువు రాదని కొడుకు గుర్తు చేస్తున్నాడేమోనని అనుమానం.

"అది కాదు. నేను మొదట ఏమనుకున్నానంటే, నువ్వు నేర్పిన గట్టు మాట ముందే చెప్పేస్తే బాగుండేదని. భయం పోతుంది కదా. తర్వాత ఆలోచించాను. ముందు చెబితే ఆ తప్పు నీ మెడకి వచ్చేది. ఆదివారం చెబితే నా మెడకి." యెఫెత్ పెట్టె మూత సర్దాడు. "ఆదివారమే మంచిది నాన్నా. నీకు అంటదు."

ముందు పోతున్న లారీ బ్రేకు వేసింది. ఒవద్యా కూడా గట్టిగా వేశాడు. వెనక ఖాళీ ఆకు బుట్టలు ఒకదాని మీద ఒకటి పడ్డాయి.

"బెల్టు పెట్టుకో" అన్నాడు.

"పెట్టుకునే ఉన్నా."

వద్దురా అని ఒక్క మాట అని ఉంటే సరిపోయేది. దారి పొడుగునా ఆ మాట నాలుక చివరే ఉంది. ఊరి మలుపు తిరిగాక రత్సోన్ తన ఇంటి ముందు కుర్చీ వేసుకుని కూర్చుని ఉన్నాడు, చెయ్యెత్తి ఊపాడు. ఒవద్యా ఆ మాటను మింగేశాడు.

*

సబ్బాతు ఉదయం మందిరం కిటకిటలాడింది. చెప్పులు గుమ్మం దాటి మెట్ల మీదకు వచ్చాయి. ఈసారి ఒవద్యా కుళాయి దగ్గరికి పోవడానికి వీల్లేదు. ముందు వరుసలో, మోరికి పక్కగా కూర్చోబెట్టారు.

"యెఫెత్ బెన్ ఒవద్యా" అని పిలిచారు.

పిల్లాడు పైకెళ్లాడు. పీట అక్కర్లేదు ఇప్పుడు. చుట్ట మీదకు వంగి చదవడం మొదలుపెట్టాడు. ఎక్కడా తొట్రుపాటు లేదు. సరిదిద్దడానికి సిద్ధంగా కూర్చున్న ముసలాళ్లు కాసేపటికి వెనక్కి జారగిలబడి కళ్లు మూసుకున్నారు. అంతకు మించిన మెచ్చుకోలు ఆ మందిరంలో లేదు. ఆ గొంతు వింటుంటే ఒవద్యాకు వెన్ను నిటారైంది. ఒక్క నిమిషం, ఒకే ఒక్క నిమిషం, నారింజ పెట్టెలూ నవ్వులూ అన్నీ చెరిగిపోయినట్టనిపించింది. అంతలో గట్టు మీద వాడు ఇలాగే నిటారుగా నిలబడి, ఇదే గొంతుతో, పాత గుంతల్లోనే పాతాం అనడం గుర్తొచ్చింది. ఎలా నిలబడాలో నేర్పింది తనే.

చదవడం అయిపోయింది. మోరి ఒవద్యా భుజం తట్టాడు. "లే. నీ ముక్క చెప్పు."

నాలుగు మాటలు. రాత్రి కూడా అనుకున్నాడు, పొద్దున స్నానం చేస్తూ అనుకున్నాడు. నిలబడి కొడుకు వైపు తిరిగాడు. యెఫెత్ అతని కళ్లలోకి చూసి తల కొంచెం ఊపాడు. ఎవరికీ కనిపించనంత కొంచెం. ఫరవాలేదు నాన్నా, నేను చూసుకుంటా అన్నట్టు.

ఒవద్యా నోరు తెరిచాడు. మాట రాలేదు. వీడి శిక్ష నుంచి నన్ను విడిపించినవాడు. ఎవర్ని ఎవరు విడిపిస్తున్నారు? ఇంతమంది ముందు, తెరిచిన తోరా ముందు, పిల్లాడి మెడలో తన బండరాయి కట్టి, దేవుడికి స్తోత్రం చెప్పాలి. చెమట చెవి వెనక నుంచి కాలరులోకి దిగింది.

వెనక ఎవరో దగ్గారు. మళ్లీ తడబడుతున్నాడనుకున్నారు. ఈ నాలుగు ముక్కలు కూడా రావు పాపం అనుకున్నారు.

అప్పుడు రత్సోన్ లేచి వచ్చాడు. ఒవద్యా పక్కన నిలబడి, ఎవరికీ వినపడకుండా, మొదటి మాట అందించాడు. ఎగతాళి లేదు. పసివాడికి అందించినట్టు నెమ్మదిగా, ఊపిరి తీసుకునేంత వ్యవధి ఇస్తూ. ఒవద్యా అన్నాడు. రెండో మాట అందించాడు. అన్నాడు. అలా నాలుగు మాటలూ రత్సోన్ నోట్లోంచి తీసుకుని చెప్పాడు. ఆ పాత కేకే నయం, దాని మీద కోప్పడే వీలుండేది.

"ఆమెన్!" అని అరిచారు. ఆడవాళ్లు కూతలు పెట్టారు. మిఠాయిలూ ఎండుద్రాక్షా వానలా వచ్చి పడ్డాయి. ఒకటి ఒవద్యా కంటికి తగిలింది. కన్ను తుడుచుకుంటే అందరూ ఆనందబాష్పాలనుకున్నారు.

భోజనాల దగ్గర రాత్రంతా పొయ్యి మీద మగ్గిన జఖ్నూన్ రొట్టె చుట్టలు, గుడ్లు, మెంతి నురుగు, పచ్చిమిరప కారం. రత్సోన్ రెండు గ్లాసుల సారా తర్వాత తన సహజ గుణానికి వచ్చేశాడు.

"చూశారా, తండ్రి చదవలేని చోట కొడుకు చదివాడు! మా వైపు రక్తం లెండి" అని బల్ల చరిచాడు. "రేపు గట్టు దగ్గర కూడా వాడే చెప్తాడు. వీడు కమ్మి నా ఇంటి వాకిట్లో ఉందన్నా సరే, నేను అలాగేరా అల్లుడూ అంటాను."

అందరూ నవ్వారు. యెఫెత్ రొట్టె తుంపుతూ తల ఎత్తలేదు.

*

ఆదివారం తెల్లవారుజామున మందిరానికి తొమ్మిదిమందే వచ్చారు, యెఫెత్ కాక. నిన్నటి సారా చాలామందిని లేవనివ్వలేదు. పదమూడు నిండిన మగాళ్లు పదిమంది లేకపోతే ప్రార్థన మొదలవదు. ఒకడు అలవాటు కొద్దీ గుమ్మంలోకి వెళ్లి వీధి వైపు చూస్తూ నిలబడ్డాడు.

"ఎవరి కోసం చూస్తున్నావ్?" అన్నాడు మోరి. "పదిమందిమీ ఉన్నాం. మొదలెట్టు."

అందరూ యెఫెత్ వైపు చూశారు. యెఫెత్ వెనక్కి తిరిగి చూశాడు, ఇంకెవరైనా ఉన్నారేమోనని. ఒవద్యా వాడి ఎడమ చేతికి తోలు పట్టీ చుడుతున్నాడు. మొదటిసారి. ఆ చెయ్యి ఇంకా సన్నంగా ఉంది, పట్టీ జారిపోతోంది.

"బిగించనా?"

"బిగించు నాన్నా."

ఇదే చేతికి తాడు ఇచ్చి బిగించి పట్టుకోమన్నాడు. ఒవద్యా పట్టీని ఒకసారి వదులు చేసి మళ్లీ చుట్టాడు. అప్పుడైనా చెవిలో చెప్పొచ్చు. చుట్టూ ఎనిమిదిమంది. మొదలెట్టేశారు కూడా. తర్వాత చెబుదాం అనుకున్నాడు. తర్వాత రత్సోన్ తలుపు దాకా కలిసి నడిచాడు. ఆ తర్వాత జోహారా అప్పు తెచ్చిన గిన్నెలు ఇచ్చిరమ్మని పిల్లాణ్ణి పంపింది. చెప్పకపోవడానికి కారణాలు కావాలంటే రోజంతా దొరుకుతూనే ఉంటాయి.

ఎండ వాలాక గట్టు మీదకు చేరారు. మోరి, ఆయనతో ఇద్దరు పెద్దలు, టేపు చుట్ట పట్టుకుని రత్సోన్. జోహారా కూడా వచ్చి బాట మీద చేతులు కట్టుకుని నిలబడింది. గాత్ చిగుళ్లు మిలమిలలాడుతున్నాయి. కోతకు సరిగ్గా అదును.

మోరి యెఫెత్‌ని ముందుకు పిలిచాడు. "ప్రమాణం అక్కర్లేదు. చూసింది చెప్పు చాలు. నిన్నటిదాకా నువ్వేం చెప్పినా పిల్లాడి మాట. ఇవాళ నీ మాటతో ఒక మనిషి నేల ఇంకో మనిషికి పోతుంది. తెలుసా?"

"తెలుసు మోరీ."

"చెప్పు."

యెఫెత్ నిటారుగా నిలబడ్డాడు. గడ్డం పైకెత్తాడు. కళ్లు ఆర్పలేదు.

"మూడేళ్ల కింద వాగు పొంగింది. నీళ్లు పోయాక నాన్నా నేనూ వచ్చాం. పాత గుంతలు కనపడుతూనే ఉన్నాయి. వాటిల్లోనే..."

తోరా చదివిన గొంతే అది. ఒక్క తొట్రుపాటు లేదు. పెద్దలు సరిదిద్దాల్సిన పని లేనట్టు తలలూపుతున్నారు. రత్సోన్ మొహంలో రంగు తగ్గింది, అయినా టేపు చుట్ట పట్టుకుని అలాగే వింటున్నాడు, నిన్న అన్న మాట మీద నిలబడటానికే సిద్ధపడి. ఒవద్యా కొడుకు మొహం చూశాడు. అంత హాయిగా అబద్ధం ఆడగలిగిన మొహాన్ని అతను అద్దంలో తప్ప ఎక్కడా చూడలేదు.

"ఆపరా" అన్నాడు.

మోరి కర్ర ఎత్తాడు. "సాక్షిని ఆపకూడదు."

"వాడు సాక్షి కాదు. నా కొడుకు." ఒవద్యా గొంతు అతనికే గుర్తుపట్టరానట్టుంది. "కమ్ములు నేను జరిపాను. వాడికిది నేను నేర్పాను. ముందుండేది అదిగో, ఆ బండ దగ్గర."

కదిలింది యెఫెత్ ఒక్కడే.

"నేను చెప్తున్నాగా!" అని అరిచాడు. మొహం జేవురించింది. "నేను చెప్తున్నాగా నాన్నా! ఎందుకు ఆపావు? ముందే ఆపొచ్చుగా! ఇప్పుడు నేను..." ఏడుపు తన్నుకొచ్చింది. ఏడవడం కనపడకుండా ఉండటానికి వెనక్కి తిరిగాడు, అటు వాళ్లమ్మ ఉంది. ఇటు తిరిగాడు, ఇటు మేనమామ ఉన్నాడు. చూడని వైపంటూ మిగల్లేదు. చివరికి కింద కూర్చుని మోకాళ్లలో తల పెట్టుకున్నాడు.

ఒవద్యా తను నలుగురిలో దిగిన మెట్లనే తొమ్మిదేళ్లు తలుచుకున్నాడు. ఇప్పుడు తన కొడుకును అవే మెట్ల మీద నిలబెట్టాడు. మాటకు తూకం వచ్చిన మొదటి రోజునే.

మోరి వంగి పిల్లాడి తల మీద చెయ్యి పెట్టాడు. ముసలి నడుం, వంగడానికి చాలాసేపు పట్టింది. "నీ మాట పూర్తి కాలేదు" అన్నాడు. "పూర్తి కాని మాట సాక్ష్యం కాదు. నీ మెడకి ఏం రాలేదు. లే."

యెఫెత్ లేవలేదు.

"మరి నాకు?" అన్నాడు ఒవద్యా.

మోరి అతని వైపు చూడను కూడా చూడలేదు. "నీకు పదమూడెప్పుడో నిండాయి."

రత్సోన్ ఏమైనా అంటాడని ఒవద్యా ఎదురుచూశాడు. ఒక ఎత్తిపొడుపు, ట్రాక్టరు గేరు మాట ఏదో ఒకటి. అంటే తనూ ఒకటి అనొచ్చు. రత్సోన్ వెళ్లి యెఫెత్ పక్కన చతికిలబడి, జేబులోంచి వేరుశనగలు తీసి, వాడి మోకాలి మీద పెట్టాడు. వాడు తోసెయ్యలేదు. అది కూడా ఒవద్యా చూడాల్సి వచ్చింది.

జోహారా బాట మీద నుంచి దిగి వచ్చింది. భర్త ముందు ఒక్క క్షణం ఆగింది.

"ఆ రోజు మందిరంలో నేను నవ్వలేదు" అంది. "ఇన్నేళ్లలో ఒక్కసారి అడిగి ఉంటే చెప్పేదాన్ని."

పిల్లాణ్ణి లేవదీసి తీసుకుపోయింది. పెద్ద సైజు బూట్లు గట్టు దిగేటప్పుడు టపటపమన్నాయి. వాళ్లు రత్సోన్ పొలంలోంచే అడ్డదారిన వెళ్లారు, అది దగ్గర దారి మరి. ఒక్కసారి వెనక్కి చూస్తారేమోనని ఒవద్యా చూశాడు. చూడలేదు.

కమ్ములు పీకడానికి పెద్దలు సాయం చేస్తామన్నారు. అక్కర్లేదన్నాడు. గునపం తెచ్చుకుని ఒక్కొక్కటీ తనే కదిలించి పీకాడు, తనే మోసుకెళ్లి బండ వరుసన పాతాడు. టేపు ఒక కొస పట్టుకునే మనిషి కావాల్సి వచ్చింది. రత్సోన్ ఒక కొసా, అతనొక కొసా పట్టుకున్నారు. మోరి కర్రతో నేల మీద గీతలు గీసి లెక్క వేశాడు. చెమ్మ నేల, దాని మీది గాత్ మొక్కలు, రేపు కొయ్యాల్సిన చిగురుతో సహా, ఒవద్యా చేతిలోంచి పోయింది ఎకరంలో మూడో వంతు, ఒక దూనమూ మూడు వందల నలభై చదరపు మీటర్లు.